మన వంశవృక్షాల గుంపు: ఈ ఆర్నెల్ల ఉపన్యాసాలు, ప్రయాణాలు

ఏటిగట్టు (జూన్ 1, రాత్రి 9:10)

అందరికీ నమస్కారమండి. కార్తీకం దాకా లెక్క రాసి పెడుతున్నాను. ఎప్పటిలాగే నెలలో రెండో ఆదివారం, గ్రంథాలయం మేడ మీద గది, పొద్దున్న పదింటికి. పదంటే పదే. పోయిన నెల పదకొండున్నరకి వచ్చి "అయ్యో, మొదలెట్టేశారా" అన్నదెవరో వాళ్ళకి తెలుసు.

జూన్‌లో పాత దస్తావేజులు చదవడం. ఇంట్లో ట్రంకు పెట్టెల్లో ఉన్నవి తెచ్చుకోండి, చెదలు పట్టినవైనా సరే. జులైలో ఇనాం రిజిస్టర్లు (మాన్యం భూముల లెక్కలు), రీసెటిల్‌మెంట్ రిజిస్టర్లు (శిస్తు తిరగగట్టినప్పటి లెక్కలు). ఆగస్టులో ధవళేశ్వరం, కాటన్ మ్యూజియం, ఆనకట్ట. సెప్టెంబరులో మహాలయ పక్షాల్లో ఒక పురోహితులు గారు వచ్చి సంకల్పంలో పేర్ల సంగతి చెబుతారు. అక్టోబరులో యానాం. నవంబరులో ద్రాక్షారామం శాసనాలు.

బస్సు ఖర్చు తలా ఎంతన్నది జనాన్ని బట్టి చెబుతాను. భోజనం ఎవరిది వాళ్ళే.

నగరం లంక (జూన్ 1, రాత్రి 9:42)

నవంబరంటే కార్తీకమండీ బాబూ. కార్తీకంలో ద్రాక్షారామం వెళ్ళి శాసనం చదువుతారా? స్తంభం కనపడితే గదా. కోటిపల్లి రేవులో పంటు ఎక్కడానికే పూట పడుతుంది. మార్గశిరానికి తొయ్యండి.

ఏటిగట్టు (జూన్ 1, రాత్రి 9:50)

నిజమే, తట్టలేదు. డిసెంబరుకి మార్చాను.

రంగం మనవడు (జూన్ 2, ఉదయం 6:15)

ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోవద్దు. ఏడాదిన్నరగా వస్తున్నాను. దస్తావేజులు విన్నాను, అడంగళ్ళు (ఊరి భూమి, పంట లెక్కలు) విన్నాను, ఇనాములు విన్నాను. అన్నీ భూమి ఉన్నోళ్ళ కాగితాలు. మా ముత్తాతకి సెంటు భూమి లేదు. ఆయనకి దస్తావేజు లేదు, పట్టా లేదు, ఇనాం అసలే లేదు. చప్పట్లు కొట్టి ఇంటికి పోతున్నాను. మాబోటోళ్ళు ఎక్కడ వెతుక్కోవాలో ఒక్క ఉపన్యాసమైనా పెట్టారా?

ఏటిగట్టు (జూన్ 2, ఉదయం 8:30)

అలా అనుకోకండి. ఎవరు మాట్లాడతామంటే వాళ్ళని పిలుస్తున్నాం. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది రెవెన్యూలో చేసి రిటైరైనవాళ్ళు. వాళ్ళకి తెలిసింది వాళ్ళు చెబుతారు.

రంగం మనవడు (జూన్ 2, ఉదయం 8:41)

అదేనండీ నేననేది కూడా.

గొలుసుకట్టు (జూన్ 2, ఉదయం 11:05)

ఆయనన్నది సబబే. మా నాన్నగారు కరణం. 1984లో ఆ ఉద్యోగాలు రద్దయ్యేదాకా మా ఇంటి అరుగు మీదే ఊరి లెక్కలు. ఆ పుస్తకాలు చూస్తూ పెరిగాను కాబట్టి చెబుతున్నాను. శిస్తు కట్టేవాడి పేరు, తండ్రి పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం, మురుగు మళ్ళిందా లేదా, అన్నీ ఉండేవి. ఆ చేలో నాట్లు వేసినవాళ్ళ పేరు రాయాల్సిన గడే లేదు. పేట మొత్తం ఒకే మాటలో, కులం పేరుతో ఉండేది. ఆ మాట ఇప్పుడు ఇక్కడ రాయడం కూడా బాగుండదు.

ఒక్క చిన్న సందు ఉంది. దస్తావేజులో చతుస్సరిహద్దులు రాసేటప్పుడు "ఉత్తరం ఫలానావాడి ఇల్లు" అని వస్తుంది. అమ్మినవాడిని, కొన్నవాడిని వదిలేసి హద్దుల్లో వెతకండి. సాక్షుల కింద వేలిముద్రలూ, నిశానీలూ వేసినవాళ్ళ పేర్లు చూడండి. భూమి లేనివాళ్ళు కొందరు అక్కడ దొరుకుతారు.

బడిగంట (జూన్ 2, మధ్యాహ్నం 2:20)

బడి అడ్మిషన్ రిజిస్టర్లు మర్చిపోతున్నారు అందరూ. ముప్ఫై రెండేళ్ళు సుద్దముక్క పట్టుకున్నదాన్ని, నేను చెబుతాను వినండి. పిల్లవాడి పేరు, తండ్రో సంరక్షకుడో, వృత్తి, ఊరు, కులం, చేరిన తేదీ, మానేసిన తేదీ, ఎందుకు మానేశాడు. "కూలికి పోవుచున్నాడు" అని నా కంటే ముందువాళ్ళు ఎర్ర సిరాతో రాసిన వరసలు చూశాను. ఆ వరసలో తండ్రి పేరుంటుంది. పాత బోర్డు స్కూళ్ళలో ఆ పుస్తకాలు ఇప్పటికీ బీరువా అడుగున ఉన్నాయి. 1986 వరదలకీ, 1996 నవంబరు తుపానుకీ తడవనివైతే.

పుట్టినరోజు మాత్రం నమ్మొద్దు. సగం మందికి జులై 1. మేమే వేసేవాళ్ళం!

లేసు అల్లిక (జూన్ 2, సాయంత్రం 5:55)

మాది నర్సాపురం. మా ఇంట్లో మూడు తరాల ఆడవాళ్ళు లేసు అల్లారు. మాకూ భూమి లేదు, కానీ పేర్లు ఉన్నాయి. ఎలాగంటే సంఘం (చర్చి) పుస్తకం. 1836లో బౌడెన్, బీర్ అని ఇద్దరు మిషనరీలు మన దేశానికి వచ్చారు. నర్సాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఆ ఇద్దరూ పెట్టిన సంఘాలు ఇంకా నడుస్తున్నాయి. ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. ఈ సంఘాల్లో పసిపిల్లలకి బాప్తిస్మం ఇవ్వరు, నమ్మి అడిగిన పెద్దవాళ్ళకే. అంచేత బాప్తిస్మం తేదీ చూసి పుట్టిన ఏడు అనుకోకూడదు. మా జేజమ్మ తేదీ చూసి ఆవిడ మా తాత కంటే చిన్నదనుకుని నేను నెల రోజులు తికమకపడ్డాను.

లూథరన్‌లైతే వేరు, అక్కడ పసివాళ్ళవీ ఉంటాయి. ముందు ఏ మిషనో తేల్చుకుని తర్వాత పుస్తకం అడగండి.

రంగం మనవడు (జూన్ 2, సాయంత్రం 6:30)

అమ్మా, ఇదీ కావాల్సింది నాకు. టీచరు గారూ, మీక్కూడా దణ్ణం.

గోస్తనీ (జూన్ 4, రాత్రి 10:12)

కొత్తగా చేరాను. హైదరాబాద్‌లో ఉంటాను, మూలాలు భీమవరం దగ్గర పల్లె. మా తాతయ్య బడి సర్టిఫికెట్ దొరికింది, 1919 నాటిది. అందులో "కృష్ణా జిల్లా, భీమవరం తాలూకా" అని ఉంది. మావాళ్ళు కృష్ణా నుంచి వలస వచ్చారేమో అని రెండుసార్లు మచిలీపట్నం వెళ్ళొచ్చాను. ఆ పేరుతో ఊరు అక్కడ లేదు. ఎవరైనా దారి చూపగలరా?

నగరం లంక (జూన్ 4, రాత్రి 10:25)

అమ్మా, మీ ఊరు ఎక్కడికీ కదల్లేదు, జిల్లాయే కదిలింది!

1859లో గోదావరి జిల్లా ఏర్పడింది, అప్పటికి మీరూ మేమూ ఒకటే. 1904లో ఏలూరు, తణుకు, భీమవరం, నర్సాపురం తాలూకాలు తీసి కృష్ణా జిల్లాలో కలిపేశారు. 1925లో మళ్ళీ కృష్ణా నుంచి విడగొట్టి పశ్చిమ గోదావరి అన్నారు, ఇటుపక్కది తూర్పు గోదావరి అయింది. అంటే 1904కీ 1925కీ మధ్య పుట్టిన భీమవరం మనిషి కాగితం మీద కృష్ణా జిల్లా మనిషే. 2022 ఏప్రిల్ తర్వాత మళ్ళీ మారింది. ఇప్పుడు భీమవరం పశ్చిమ గోదావరికి జిల్లా కేంద్రం, మేము కోనసీమ. మీ మనవలు వెతికేటప్పటికి ఏమవుతుందో.

ఇంకోటి. 1904లో నర్సాపురం తాలూకా అంతా కృష్ణాలోకి వెళ్ళింది గానీ మా నగరం లంక మాత్రం వెళ్ళలేదు. గోదావరిలోనే ఉండిపోయాం. అందుకే ఈ పేరు పెట్టుకున్నాను, ఆయ్.

గోస్తనీ (జూన్ 4, రాత్రి 10:40)

నాలుగు వేలు బస్సులకీ లాడ్జికీ పోశాను. ఈ నాలుగు ముక్కలు ముందే తెలిస్తే...

గొలుసుకట్టు (జూన్ 5, ఉదయం 7:00)

ఏదైనా ఊరు వెతికే ముందు ఆ సంవత్సరానికి అది ఏ తాలూకా, ఏ జిల్లా అన్నది ఒక చీటీ మీద రాసుకోవాలి. అర్జీ కూడా ఆ పేరుతోనే పెట్టాలి. జనాభా లెక్కల్లో తాతగారు దొరుకుతారని మాత్రం ఎవరూ ఆశ పెట్టుకోకండి. మన దేశంలో మిగిలింది పట్టికలే, ఇంటింటి కాగితాలు ఉంచలేదు.

గోస్తనీ (జూన్ 7, రాత్రి 9:30)

ఇంకొకటి అడుగుతాను, విసుక్కోకండి. ఇది మా మామ్మ గురించి, నాన్నకి అమ్మ. ఆవిడ పుట్టిన తేదీ ఇంట్లో ఎవరికీ తెలీదు. కోపం వచ్చినప్పుడల్లా "నేను దుర్మతిని, నా జోలికి రాకండి" అనేదట. పెళ్ళి యానాంలో అయిందని, అది కూడా రాత్రికి రాత్రి పడవలో తీసుకెళ్ళి చేశారని మా పెద్దత్త చెబుతుంది. మా వైపు ఎవరికీ యానాంలో చుట్టాలు లేరు. పెళ్ళినాటి పసుపుగుడ్డ మూట ఒకటి ఉంది. దాని మీద నల్ల దారంతో "ప్రమోదూత మాఘం" అని కుట్టి ఉంది. యానాం ఎందుకు వెళ్ళారు?

గొలుసుకట్టు (జూన్ 8, ఉదయం 6:40)

మీ మామ్మగారు తిట్టుకోలేదమ్మా, పుట్టిన ఏడు చెప్పారు. దుర్మతి నామ సంవత్సరం అంటే 1921–22. అరవై ఏళ్ళకోసారి వస్తుంది కాబట్టి వెనక్కి వెళితే 1861, ముందుకొస్తే 1981. మీ మామ్మగారికి సరిపడేది 1921.

ప్రమోదూత 1930 ఉగాదితో మొదలైంది. అయితే మాఘం వచ్చేసరికి ఇంగ్లీషు సంవత్సరం మారిపోతుంది. కాబట్టి పెళ్ళి 1931 జనవరి, ఫిబ్రవరిల్లో అయింది, 1930లో కాదు. పుష్యం నుంచి ఫాల్గుణం దాకా ఈ తప్పు అందరూ చేస్తారు. అంటే పెళ్ళినాటికి ఆవిడకి తొమ్మిదేళ్ళు. యానాం ఎందుకో ఇప్పుడు మీకే తెలుస్తుంది.

యానాం వంతెన (జూన్ 8, ఉదయం 9:15)

మా ఊరి పేరు వినపడింది, వచ్చాను.

శారదా చట్టమండి. 1929లో చేశారు, 1930 ఏప్రిల్ 1 నుంచి అమలు. ఆడపిల్లకి పద్నాలుగు, మగపిల్లాడికి పద్దెనిమిది నిండాలి. బ్రిటిషువాళ్ళ చట్టం బ్రిటిషువాళ్ళ నేల మీదే. యానాం అప్పుడు ఫ్రెంచివాళ్ళది, 1954 దాకా వాళ్ళదే. చుట్టూ గోదావరి జిల్లా, మధ్యలో మేము. కాలవ దాటితే చట్టం లేదు. పక్క జిల్లాల నుంచి కూడా పిల్లల్ని పడవల్లో, బళ్ళలో తెచ్చి పెళ్ళిళ్ళు చేసుకుపోయేవాళ్ళు. అందుకే యానాంని కల్యాణపురం అన్నారు. మా తాతగారి అరుగు మీద ఒక్క ముహూర్తానికి మూడు పెళ్ళిళ్ళు జరిగాయని మా ఇంట్లో చెప్పుకుంటారు. మేళగాళ్ళు ఒక జట్టే, మూడు పందిళ్ళకీ తిరిగారట.

చట్టం అమలయ్యే లోపే కానిచ్చేద్దామని ముందు ఆర్నెల్లలో మీ వైపు కూడా గుట్టలుగా పెళ్ళిళ్ళు అయ్యాయి. మీ మామ్మగారిది ఆ తర్వాతిది కాబట్టి యానాం దాకా రావాల్సి వచ్చింది.

ఫ్రెంచివాళ్ళు జనన, మరణ, వివాహ రిజిస్టర్లు పెట్టేవాళ్ళు, ఫ్రెంచిలోనే. చాలా పాతవి ఫ్రాన్సులో ఎక్స్-ఆన్-ప్రొవాన్సులోని వలస దేశాల దస్తావేజుల భాండాగారం వాళ్ళు స్కాన్ చేసి అందరికీ పెట్టారు. 1931 కోసం అందులో కూర్చోకండి, అది ఇక్కడ ఆఫీసులో అడగాల్సిందే. పేరు వెతికేటప్పుడు ఒకటి గమనించండి. మన "సు" వాళ్ళకి ఎస్ తర్వాత ఓ, యు. సుబ్బమ్మ అనుకుని ఎస్-యు దగ్గర వెతికితే దొరకదు.

గోస్తనీ (జూన్ 8, రాత్రి 11:50)

తొమ్మిదేళ్ళు. మా అమ్మాయికి ఇప్పుడు తొమ్మిది.

అక్టోబరు ప్రయాణానికి నా పేరు రాసుకోండి.

ఏటిగట్టు (జూన్ 9, ఉదయం 8:05)

రాశాను. జులైలో ఇనాం రిజిస్టర్ల మాట తీసేశాను. ఆ ఆదివారం బడిగంట గారూ, లేసు అల్లిక గారూ చెరో ముప్పావుగంట మాట్లాడతారు. రెవెన్యూ పెద్దలు అలగరనే అనుకుంటున్నాను. నవంబరు ఖాళీ అయింది గదా, అందులో రంగం, అంటే రంగూన్ గురించి రంగం మనవడు గారు మాట్లాడాలని అడుగుతున్నాను.

రంగం మనవడు (జూన్ 9, ఉదయం 8:20)

నేను మాట్లాడ్డమేంటండీ. స్పేర్ పార్టుల కొట్టు నాది. నాకు తెలిసిందంతా చెబితే పది నిమిషాలు.

బడిగంట (జూన్ 9, ఉదయం 8:33)

పది నిమిషాలు చాలు. మిగతాది ప్రశ్నలు అడిగి లాగుతాం.

నగరం లంక (ఆగస్టు 11, సాయంత్రం 4:00)

ధవళేశ్వరం సంగతి రాయమన్నారు. పదిహేడుమందిమి. బస్సు గంటన్నర ఆలస్యం. రావులపాలెంలో అరటి గెలల లారీల వెనక ఇరుక్కున్నాం. మ్యూజియంలో నమూనాలు చూశాం. 1847లో మొదలుపెట్టి 1852కి ఆనకట్ట పూర్తి చేశారు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలు, మధ్యలో లంకలు. ఇప్పుడు మనం దాటేది దాని తర్వాత కట్టిన బ్యారేజీ.

కాటన్ దొర విగ్రహం లేని ఊరు మన వైపు తక్కువ. వీణెం వీరన్న పేరు కూడా చెప్పారు, పనివాళ్ళని కూడగట్టడంలో దొరకి కుడిభుజం. అక్కడ రంగం మనవడు ఒక ప్రశ్న వేశాడు: "రాళ్ళు మోసినోళ్ళ పేర్లు ఎక్కడున్నాయండి?" ఎవరూ మాట్లాడలేదు. తర్వాత అందరం గట్టు మీద కూర్చుని పులిహోర తిన్నాం. బడిగంట గారి పులిహోర ముందు నాది చప్పగా ఉందని నాకే తెలిసింది.

తిరుగుదారిలో ఆత్రేయపురం వైపు వెళ్ళి పూతరేకులు కొనాలని సగం మంది, వద్దని సగం మంది. కొన్నాం.

లేసు అల్లిక (ఆగస్టు 11, సాయంత్రం 4:30)

చప్పగా కాదు, ఇంగువ ఎక్కువైంది.

బడిగంట (సెప్టెంబరు 15, రాత్రి 8:00)

నిన్నటి సంకల్పం ఉపన్యాసానికి రానివాళ్ళ కోసం.

తద్దినంలో, తర్పణంలో మూడు తరాల పేర్లు చెప్పాలి. తండ్రి, తాత, ముత్తాత. వసు, రుద్ర, ఆదిత్య రూపాలని అంటారు. తల్లి వైపు తాత, ముత్తాత, ఆయన తండ్రి కూడా వస్తారు. పురోహితులు గారు చెప్పిన ఒక ముక్క నా మనసులో నాటుకుపోయింది. పెళ్ళిలో కన్యాదానం దగ్గర మూడుసార్లు చదివే ప్రవరలో ముత్తాత, తాత, తండ్రి పేర్లే ఉంటాయి, ఒక్క ఆడమనిషి పేరు లేదు. తర్పణంలో మాత్రం తల్లి, నాన్నమ్మ, ఆవిడ అత్తగారు, అమ్మమ్మ, అందరి పేర్లూ చెప్పాలి. మా ఇళ్ళల్లో ఆడదాని పేరు తెలియాలంటే ఆవిడ పోవాలన్నమాట, అని లేచి అనేశాను. పురోహితులు గారు నవ్వలేదు. "నిజమేనమ్మా, అదీ చాలామందికి గుర్తుండక గోత్రం మటుకు చెప్పి ఊరుకుంటారు" అన్నారు.

ఆ గోత్రం కూడా అత్తింటిది. ఆవిడ పేరు పక్కన పుట్టింటిది పలకరు.

చేయాల్సిన పని ఏమిటంటే, మీ ఇంట్లో తద్దినాలు పెట్టే పెద్దాయనో, మీ కుటుంబ పురోహితుడో ఉంటే ఈ పక్షాల్లోనే ఆ పేర్లు రాయించుకోండి. గయ వెళ్ళొచ్చినవాళ్ళుంటే ఏ పండా (అక్కడి పురోహితుడు) దగ్గర దిగారో అడగండి. వాళ్ళ బహీల్లో (ఖాతా పుస్తకాల్లో) వచ్చినవాళ్ళ పేర్లు తరాలవారీగా రాసి ఉంటాయి. 2027లో గోదావరి పుష్కరాలు ఎలాగూ వస్తున్నాయి. రేవులో పిండం పెట్టేటప్పుడు తడుముకోకుండా ఉంటుంది.

రంగం మనవడు (సెప్టెంబరు 15, రాత్రి 8:25)

తద్దినాలు పెట్టని కులాల సంగతి?

గొలుసుకట్టు (సెప్టెంబరు 15, రాత్రి 9:00)

అడిగితే ఉన్నాయి. ఆశ్రిత కులాలవాళ్ళని విన్నారా? కాపులకీ రెడ్లకీ పిచ్చుకుంట్లవాళ్ళు గోత్రాలు చెబుతారు. పద్మశాలీలకి సాధనాశూరులు, విశ్వబ్రాహ్మణులకి రుంజవాళ్ళు, మాదిగలకి డక్కలివాళ్ళు. ఇంటింటికీ వచ్చి వంశం పాడి సంభావన పుచ్చుకునేవాళ్ళు. మన వైపు ఈ మధ్య కనపడ్డం లేదు. ఎవరింటికైనా ఇంకా వస్తుంటే ఫోను తీసి రికార్డు చేసుకోండి, ఇచ్చేది కూడా బాగా ఇవ్వండి.

గోస్తనీ (సెప్టెంబరు 18, రాత్రి 10:00)

మా పెద్దనాన్న చేత రాయించాను. మామ్మ అత్తగారి పేరు, ఆవిడ అత్తగారి పేరు వచ్చాయి. ఇంట్లో ఎవరికీ తెలియని రెండు పేర్లు.

ఇంకో విషయం బయటపడింది. మా తాతయ్య దత్తుడు. ఇంటిపేరు, గోత్రం రెండూ అక్కడ మారాయి. దీన్ని వంశవృక్షంలో ఎలా గీయాలి? అందరికీ కనపడేలా ఆన్‌లైన్‌లో పెట్టొచ్చా?

గొలుసుకట్టు (సెప్టెంబరు 18, రాత్రి 10:30)

రెండు గీతలు గియ్యండి. కన్నవారి వైపు చుక్కలతో, దత్తత వైపు నిండుగా. ఆన్‌లైన్ మాత్రం ఆగండి. దత్తత అంటే ఆస్తి గొడవ ఎక్కడో ఒకచోట నివురు గప్పిన నిప్పులా ఉంటుంది. బతికున్న దాయాదులని అడక్కుండా పెట్టకూడదు.

నగరం లంక (సెప్టెంబరు 18, రాత్రి 10:41)

నేను అడక్కుండానే పెట్టాను పోయినేడు. మా చిన్నాన్న ఇప్పటికీ మాట్లాడ్డం లేదు. నేను చెడ్డవాణ్ణేం కాదండి, చెట్టు అందంగా వచ్చిందని మురిసిపోయి పెట్టాను.

యానాం వంతెన (అక్టోబరు 13, ఉదయం 7:30)

నిన్న వచ్చినవాళ్ళందరికీ వందనాలు. ఎదుర్లంక వంతెన మీద బస్సు ఆపి ఫొటోలు తీసుకున్నారని నాకు ఫిర్యాదు వచ్చింది. ఎవరు చేశారో అడగను.

గోస్తనీ (అక్టోబరు 13, రాత్రి 9:20)

రిజిస్టరులో మామ్మ పేరు లేదు. ముందురోజే వెళ్ళి, యానాం వంతెన గారి సాయంతో 1931 మొదటి నెలలు అన్నీ చూపించుకున్నాను. ఓ-యు, వి, వై, అన్ని రకాలుగా చూశాం. బయటి జిల్లాల వాళ్ళు పురోహితుడి చేత తాళి కట్టించుకుని తెల్లారేసరికి పడవెక్కేసినట్టున్నారు. ఇక్కడి ఆఫీసుకి వెళ్ళి రాయించుకునే తీరిక, అవసరం వాళ్ళకేముంది?

ఏడుపొచ్చిందని చెప్పడానికి సిగ్గులేదు. అయితే ఆదివారం మధ్యాహ్నం యానాం వంతెన గారి తాతగారి అరుగు చూపించారు. ఇల్లు మారిపోయింది, అరుగు మాత్రం అదే. అక్కడే జరిగిందని ఎవరూ అనలేరు, నాకూ తెలుసు. మా అమ్మాయి ఆ అరుగు మీద కూర్చుని చిప్స్ తింది. ఫొటో తీసి మా పెద్దత్తకి పంపించాను. "మీ మామ్మ చెప్పిన అరుగు ఎత్తుగా ఉండేదట, ఎక్కలేకపోతే ఎవరో ఎత్తి కూర్చోబెట్టారట" అని వెంటనే ఫోను చేసింది. ఈ ముక్క ఇన్నేళ్ళలో ఎప్పుడూ చెప్పలేదావిడ.

బడిగంట (అక్టోబరు 13, రాత్రి 9:45)

పెద్దత్తకి ఇంకా ఫొటోలు పంపు తల్లీ. ఫోనులో మాట్లాడినంతా రాసి పెట్టు.

ఏటిగట్టు (నవంబరు 10, ఉదయం 7:00)

నిన్న రంగం మనవడు గారు పది నిమిషాలన్నారు, గంటా పది నిమిషాలు మాట్లాడారు. టీ చల్లారిపోయింది. ముఖ్యమైనవి రాస్తాను, తప్పులుంటే ఆయన దిద్దుతారు.

మనవాళ్ళు రంగం అనేది రంగూన్‌ని. కాకినాడ రేవు నుంచి స్టీమర్లలో వెళ్ళేవాళ్ళు. అంతకుముందు కోరంగి పెద్ద రేవు. 1789లో, 1839లో తుపాన్లు దాన్ని దెబ్బతీశాయి. బర్మావాళ్ళు తెలుగువాళ్ళని కొరంగీలు అని పిలిచింది ఆ కోరంగి పేరుతోనే. మేస్త్రీ ఊళ్ళోకి వచ్చి అడ్వాన్సు ఇచ్చి జట్టుని తీసుకెళ్ళేవాడు. ఆ అప్పు తీరేదాకా మనిషి మేస్త్రీ చేతిలోనే. ధాన్యం మిల్లులు, రేవులో మోత పని. 1930 మేలో రంగూన్ అల్లర్లు మొదలైంది తెలుగు రేవు కూలీల మీదే. 1941 డిసెంబరులో జపానువాళ్ళు బాంబులేశాక వేలమంది అడవుల్లో నడిచి తిరిగొచ్చారు. ఆయన ముత్తాత అలా వచ్చినవారిలో ఒకరు. ఒక అల్యూమినియం గిన్నె, ఒక కాగితం తెచ్చుకున్నారు.

ఆ కాగితం సంగతి గొలుసుకట్టు గారే రాస్తే బాగుంటుంది.

గొలుసుకట్టు (నవంబరు 10, ఉదయం 10:15)

అది అప్పు నోటు. అప్పు తీర్చాక మేస్త్రీ తిరిగిచ్చినట్టుంది, అడ్డంగా కొట్టేసి ఉంది. నాలుగు తరాలు ఇంట్లో దాచారు గానీ ఎవరూ చదవలేదు, ఎందుకంటే అది గొలుసుకట్టు రాత. అక్షరం ఎత్తకుండా ఒకదానికొకటి తగిలించి రాస్తారు, మా నాన్నగారిలాంటివాళ్ళ చెయ్యి. భూతద్దం పెట్టి చదివాను. "రుధిరోద్గారి సం॥ర కార్తీక బ॥ 5" అంటే 1923 చివర. "మీ వద్ద నేను బదులు పుచ్చుకున్న రూపాయలు" అని మొత్తం. దాని ముందు అప్పు పుచ్చుకుని రాసిచ్చినవాడి పేరు, ఊరు, తండ్రి పేరు. కింద నిశాని. సాక్షులు ఇద్దరు.

అడంగల్లో లేని పేరు అప్పు కాగితంలో ఉంది. అప్పిచ్చేవాడికి తండ్రి పేరు కావాలి కదా.

ఆ రాత రాసిన చెయ్యి మా ఊరి కరణానిది కాదు గానీ అలాంటిదే. చదువుతున్నంతసేపూ నాకు మా అరుగే కళ్ళముందుంది. అంతకంటే ఇక్కడ రాయను.

రంగం మనవడు (నవంబరు 10, రాత్రి 9:55)

పేరు ఇక్కడ పెట్టను. ముందు మా అమ్మకి చెప్పాను. ఆవిడ రెండుసార్లు పలికి, "మీ పెద్దన్నయ్యకి పెట్టాల్సిన పేరు ఇదేరా, తెలీక సినిమా హీరో పేరు పెట్టాం" అంది.

గొలుసుకట్టు బాబాయ్ గారూ, సాక్షుల్లో రెండోవాడి ఇంటిపేరు మీరు చదివింది సరిగ్గా వినపడలేదు. డిసెంబరులో ద్రాక్షారామం బస్సులో మీ పక్కన కూర్చుంటాను. కాగితం లామినేషన్ చేయించమంటారా?

గొలుసుకట్టు (నవంబరు 10, రాత్రి 10:02)

చేయించొద్దు! వేడికి పాడవుతుంది, మళ్ళీ ఊడదీయలేం. రెండు పలకల మధ్య తెల్ల కాగితాలు పెట్టి ఆరనివ్వండి. భూతద్దం నేను తెస్తాను.

ఏటిగట్టు (నవంబరు 10, రాత్రి 10:20)

డిసెంబరు బస్సు ఆరున్నరకి. ఈసారి నగరం లంక గారు పులిహోర తేవక్కర్లేదు, పెరుగన్నం తెస్తే చాలు.